చెవితో చదివే వెబ్

తెర పూర్తిగా ఆర్పేసినా, అంధులకు ఫోనునూ కంప్యూటర్‌నూ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పని ఆగదు. ఐఫోన్‌లో ఇందుకోసం స్క్రీన్ కర్టెన్ అనే సదుపాయమే ఉంది. అది వేసుకుంటే తెర నల్లబడిపోతుంది, ఫోను మాత్రం మాట్లాడుతూనే ఉంటుంది, బస్సులో పక్క సీటువారికి మన బ్యాంకు ఖాతా కనపడదు. తెర లేకుండా ఇదెలా కుదురుతుందంటే, స్క్రీన్ రీడర్‌కు రంగులతో, హంగులతో పనిలేదు. పేజీ కోడు నుంచి బ్రౌజర్ రెండు రూపాలు తయారుచేస్తుంది. ఒకటి కంటికి కనిపించేది. రెండోది ఏది శీర్షిక, ఏది లింకు, ఏది బటన్, ఏ గడిలో ఏం రాయాలి, ఏ బొమ్మలో ఏముంది అన్న వివరాలతో అల్లిన నిర్మాణం. ఈ రెండోదాన్నే స్క్రీన్ రీడర్ మాటగానో బ్రెయిలీగానో అందిస్తుంది. మొదటి రూపంలో గీత వంకరపోయినా తయారుచేసినవారికి వెంటనే కనపడుతుంది. రెండో రూపం ముక్కలైపోయినా వారికి తెలియదు. అంధుల వెబ్ వాడకం గురించి ఎంత చర్చించినా చివరికి ఈ తేడా దగ్గరికే వస్తాం. పరికరాలు ఎప్పుడో సిద్ధమయ్యాయి, పేజీలే ఇంకా సిద్ధం కాలేదు.

అలవాటైనవారు పేజీని పైనుంచి కిందిదాకా వినరు. విండోస్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారు హెచ్ కీ నొక్కి శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. కె నొక్కితే లింకులు వస్తాయి, బి నొక్కితే బటన్లు, టి నొక్కితే పట్టికలు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ వాడేవారు వేలిని పక్కకు తోస్తూ ఒక్కో అంశం వింటారు, కావాల్సింది రాగానే రెండుసార్లు తడతారు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ 2023-24లో స్క్రీన్ రీడర్ వాడేవారి మధ్య సర్వే చేస్తే, పొడవాటి పేజీలో ఏదైనా వెతకాలంటే ముందు శీర్షికల మీదుగానే వెళ్తామని 71.6 శాతం మంది చెప్పారు. 'ఫలితాలు' అన్న మాటను కోడులో శీర్షికగా గుర్తించకుండా, ఊరికే అక్షరాలు పెద్దవి చేసి వదిలేస్తే, చూసేవారికి అది శీర్షికే. వినేవారికి మాత్రం వెయ్యి మాటల మధ్య ఒక మాట. దాన్ని పట్టుకోవాలంటే పేజీ మొత్తం వినాల్సిందే.

వినే వేగం కూడా కొత్తవారికి అందదు. అందుకే ఎన్నాళ్లుగానో వాడుతున్నవారిలో చాలామందికి తియ్యటి గొంతుల కన్నా ఎలొక్వెన్స్, ఈస్పీక్ లాంటి యాంత్రికమైన గొంతులే ఇష్టం. కీ నొక్కిన మరుక్షణం అవి పలుకుతాయి, రెండింతలు మూడింతలు వేగం పెంచినా అక్షరం చెదరదు. పక్కనుంచి విన్న చూపున్నవారు 'పాపం, ఈ గొంతుతో ఎలా వేగుతున్నారో' అనుకుంటారు. ఆ జాలికి ఇక్కడ చోటు లేదు. అది పనిమంతుడు ఎంచుకున్న పనిముట్టు.

ఈ పనిముట్లను చేసినవారిలో ముఖ్యులు అంధులే. మన పత్రికలు ఈ సంగతి చాలినంతగా చెప్పలేదని నాకనిపిస్తుంది. అమెరికాలో టెడ్ హెంటర్ మోటార్‌సైకిల్ పందేల్లో పాల్గొనేవారు. 1978లో కారు ప్రమాదంలో చూపు పోయాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఆయన కంపెనీ 1989లో డాస్ కోసం, 1995లో విండోస్ కోసం విడుదల చేసిన జాస్ అనే స్క్రీన్ రీడర్ ఇప్పటికీ ఉద్యోగాల్లో ఉన్న అంధులకు ఒక ప్రధాన సాధనం. జపాన్‌లో చియెకో అసకావా పద్నాలుగేళ్లకే చూపు పూర్తిగా కోల్పోయారు. ఐబీఎంలో చేరి 1997లో హోమ్ పేజ్ రీడర్ అనే మాట్లాడే బ్రౌజర్ తెచ్చారు. అందులో మామూలు పాఠం మగ గొంతులో, లింకులు ఆడ గొంతులో వినిపించేవి. 'ఇది లింకు' అని ప్రతిసారీ చెప్పే పని లేకుండా, గొంతు మారడమే గుర్తు అయింది. పేజీని చెవితోనే ఊహించిన మనిషికే ఇలాంటి ఆలోచన తడుతుంది. పుణేలో పుట్టిన టి.వి. రామన్‌కు గ్లకోమా వల్ల పద్నాలుగేళ్లకు చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, గణిత సూత్రాలను చెవికి అర్థమయ్యేలా వినిపించే పద్ధతి మీద కార్నెల్‌లో 1994లో డాక్టరేట్ తీసుకున్నారు. మరుసటి ఏడాది ఈమాక్స్ ఎడిటర్‌ను మాట్లాడించే ఈమాక్స్‌పీక్ విడుదల చేశారు, తర్వాత గూగుల్‌లో చేరి ఆండ్రాయిడ్‌కూ క్రోమ్‌కూ మాట నేర్పిన బృందంలో పనిచేశారు.

వీరిలో మనకు అందరికన్నా దగ్గరివారు ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే. ఇద్దరూ అంధులు, చిన్నప్పుడు ఒక సంగీత శిబిరంలో కలిసిన స్నేహితులు. స్క్రీన్ రీడర్ కొనాలంటే అప్పట్లో వెయ్యి డాలర్ల దాకా పెట్టాలి. ఇది ఆస్ట్రేలియా విద్యార్థికే భారం, అనంతపురం విద్యార్థికైతే ఆ ఊసే వద్దు. చూపున్నవాడు కంప్యూటర్ కొంటే తెర దానితోపాటే వస్తుంది, చూపులేనివాడు మాత్రం తెర బదులు వాడే దానికి కంప్యూటర్ కన్నా ఎక్కువ ఎందుకు చెల్లించాలన్నది వారి ప్రశ్న. కరన్ 2006లో విశ్వవిద్యాలయ చదువు పక్కనపెట్టి ఎన్‌వీడీఏ రాయడం మొదలుపెట్టారు. అది ఉచితం, కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. వెబ్‌ఎయిమ్ సర్వేలో ఇప్పుడది జాస్‌తో సమానంగా నిలుస్తోంది. టే తర్వాత మొజిల్లాలో చేరి, ఫైర్‌ఫాక్స్ లోపల స్క్రీన్ రీడర్లకు సమాచారం అందించే యంత్రాంగాన్ని తిరగరాసే పనిలో ముఖ్యపాత్ర వహించారు. 2009లో ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌కు టాక్‌బ్యాక్ వచ్చాక ఫోన్లలో ఇక విడిగా కొనే అవసరమే పోయింది. తెలుగు రాష్ట్రాల్లో చూపులేని కుర్రాళ్లకు ఇంటర్నెట్ అంటే ముందుగా టాక్‌బ్యాక్ ఉన్న చవక ఫోనే.

ఇక పేజీల వైపు. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ అందుబాటు మార్గదర్శకాలను 1999 మేలో మొదటిసారి ప్రకటించింది. 2008లో రెండో రూపం వచ్చింది, 2018లో, 2023లో దానికి చేర్పులు జరిగాయి. కావాల్సిందంతా వాటిలో రాసే ఉంది. అమలు మాటేమిటి? వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2019లో 97.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. 2025లో 94.8 శాతం పేజీల్లో దొరికాయి, సగటున పేజీకి 51 తప్పులు. ఆరేళ్లలో మూడు శాతం! దొరికిన తప్పుల్లో అత్యధిక భాగం ఆరే రకాలు: వెలిసిన అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరులేని ఫారం గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, ఏ భాషో చెప్పని పేజీలు. వీటిలో కష్టమైనది ఒక్కటీ లేదు. మొదటి పాఠంలో నేర్పాల్సినవి ఇవి.

వినేవారి వైపు నుంచి చూస్తే వీటి బరువు తెలుస్తుంది. ఫారంలో గడికి పేరు పెట్టకపోతే స్క్రీన్ రీడర్ 'ఎడిట్, ఖాళీ' అని ఊరుకుంటుంది. అందులో తండ్రి పేరు రాయాలో, పిన్‌కోడ్ రాయాలో ఎలా తెలియాలి? పేజీలోని ఇరవై లింకులూ 'ఇక్కడ క్లిక్ చేయండి', 'మరింత చదవండి' అనే పేర్లతో ఉంటే, లింకుల జాబితా తెరిచినవారికి ఒకే మాట ఇరవైసార్లు వినిపిస్తుంది. బటన్‌లా రంగులద్దిన పెట్టెను కోడులో బటన్‌గా చెప్పకపోతే కీబోర్డుతో దాన్ని అందుకోవడమే కుదరదు. చెల్లింపు చివరి మెట్టు మీద ఇలాంటి బటన్ ఒక్కటి ఉంటే చాలు, అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా. వీటన్నిటికీ పైన కాప్చా ఉంది. మనిషివో కాదో నిరూపించుకోవడానికి వంకర అక్షరాలు చూసి టైపు చేయమనే పరీక్ష అది. వెబ్‌ఎయిమ్ సర్వేల్లో స్క్రీన్ రీడర్ వాడేవారు చెప్పే ఇబ్బందుల్లో అది మొదటి వరుసలో ఉంటుంది. వినిపించే కాప్చా ఇచ్చినచోట కూడా అది ఎక్కువగా గరగర శబ్దాల మధ్య వచ్చే ఇంగ్లీషే. తెలుగు మాధ్యమంలో చదువుకున్న అంధ విద్యార్థికి అది రెండో తాళం.

కొద్దిగా చూపున్నవారి మాట ఈ చర్చలో ఎప్పుడూ వెనకబడుతుంది. పూర్తి అంధుల కన్నా వారే ఎక్కువమంది. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిన్నవారు, గ్లకోమా ఉన్నవారు, రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు ఏడాదికింత కుంచించుకుపోయేవారు స్క్రీన్ రీడర్ కన్నా ముందు అక్షరాలు పెంచుకునే సాధనాలు వాడతారు. జూమ్‌టెక్స్ట్ ఉంది, విండోస్ మాగ్నిఫయర్ ఉంది, బ్రౌజర్‌లోనే పెంచుకోవచ్చు. మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి, పేజీని 400 శాతం పెంచినా పక్కలకు జరుపుకోకుండా చదవగలగాలి. పైన చెప్పిన 2025 పరీక్షలో 79.1 శాతం పేజీలు కాంతి దగ్గరే తప్పాయి. తెలుగు లిపికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన ఒత్తులు అక్షరం కింద చిన్నగా వేలాడతాయి. బూడిదరంగు సన్నని ఫాంటులో మొదట కనుమరుగయ్యేవి అవే. వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కొలతతో బిగించేసిన పేజీలో అక్షరం పెంచితే కింది ఒత్తు సగానికి తెగిపోతుంది. ఇంగ్లీషు పేజీ అచ్చులో తెలుగు పోసినంతకాలం ఈ తిప్పలు తప్పవు.

తెలుగు దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మార్గదర్శకాలన్నీ పాటించిన పేజీ కూడా ఇక్కడ మూగబోవచ్చు. స్క్రీన్ రీడర్ అక్షరాన్ని దాని యూనికోడ్ సంఖ్యతో గుర్తుపడుతుంది. మన పత్రికలు వెబ్‌లోకి వచ్చిన తొలి రోజుల్లో ఎవరి ఫాంటు వారిదే. తెరమీద తెలుగులా కనిపించేదాని వెనక ఉన్నవి రోమన్ అక్షరాలూ వింత గుర్తులూ. ఒక్కో పత్రిక అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు నాగార్జున వెన్న 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ జోడింపు రాయాల్సి వచ్చింది. పత్రికలు ఆ దశ దాటాయి. డీటీపీ లోకం మాత్రం దాటలేదు. పుస్తకాలు, కరపత్రాలు, సంఘాల నివేదికలు ఇప్పటికీ 'అను' అనే యూనికోడ్ కాని ఫాంట్లలో తయారవుతున్నాయి. వాటి పీడీఎఫ్ తెరిస్తే స్క్రీన్ రీడర్ చదివేది అర్థంలేని గుర్తుల వరస. ఈ-పేపర్ పేజీలు, స్కాన్ చేసి పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వులు, వాట్సాప్‌లో బొమ్మలుగా తిరిగే పరీక్షల ప్రకటనలు సరేసరి, అవి పాఠమే కాదు. బొమ్మలోంచి అక్షరాలు పట్టే ఓసీఆర్ తెలుగుకు ఉంది, టెస్సరాక్ట్ చదువుతుంది, గూగుల్ చదువుతుంది. కానీ వరస కాస్త వాలినా, కాగితం మరకపడినా ఒత్తులూ గుడులూ తారుమారవుతాయి. ఉత్తర్వు కంప్యూటర్‌లోనే టైపు అవుతుంది, అచ్చేస్తారు, సంతకం పెడతారు, మళ్లీ స్కాన్ చేసి ఎక్కిస్తారు. చదవగలిగిన దాన్ని చదవలేనిదిగా మార్చడానికి మూడు మెట్లు! డిజిటల్ సంతకం వచ్చి ఇన్నేళ్లయినా ఈ అలవాటు సాగుతుంటే నాకు కోపమే వస్తుంది.

గొంతు సంగతి వేరు. ఈస్పీక్‌లో తెలుగు ఉంది, ఎన్‌వీడీఏతో పాటే వస్తుంది, కానీ వినడానికి చాలా కటువు. గూగుల్ గొంతు ఆండ్రాయిడ్‌లో బాగానే పలుకుతుంది. మైక్రోసాఫ్ట్ శ్రుతి, మోహన్ అనే రెండు సహజమైన గొంతులు తయారుచేసింది, ఎడ్జ్ బ్రౌజర్‌లో వాటితో పేజీ చదివించుకోవచ్చు. మెత్తగా వినడానికి ఇవి చాలు. పని చేసుకోవడానికి వేగం కావాలి, అక్కడే తెలుగు స్వభావం అడ్డుపడుతుంది. మన మాటలో అర్థమంతా చివర ఉంటుంది. చేస్తాను, చేస్తాడు, చేస్తారు అన్న మాటల్లో చివరి అక్షరం మింగేస్తే ఎవరు చేస్తారో తెలియదు. 'దరఖాస్తులు స్వీకరించబడును', 'స్వీకరించబడవు' అన్నవాటిలో తోక తెగితే అవునూ కాదూ ఒకటైపోతాయి. ఇంగ్లీషు కోసం తీర్చిన వేగపు లెక్కలు తెలుగుకు అలాగే పెడితే సరిపోదు. మాట చివరను కాపాడే తెలుగు గొంతు మీద ఐఐఐటీ హైదరాబాద్ లాంటిచోట్ల భాషణ పరిశోధకులు అంధ శ్రోతలను పక్కన కూర్చోబెట్టుకుని పనిచేస్తే ఫలితం ఉంటుంది. పేజీ తయారుచేసేవారి వంతు ఇందులో చాలా చిన్నది: ఇది తెలుగు పేజీ అని కోడులో ఒక్క ముక్క రాయాలి. అది రాస్తే గొంతు తానే మారుతుంది. రాయకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగు మీద నోరు మెదపదు, లేదా తెలుగు గొంతు ఇంగ్లీషు వాక్యాలను నమిలేస్తుంది.

బ్రెయిలీ వైపు పరిస్థితి కాస్త నయం, ఖరీదొక్కటే అడ్డు. తెలుగు భారతి బ్రెయిలీలో ఉంది, తెరమీది తెలుగును బ్రెయిలీ చుక్కలుగా మార్చే ఉచిత పట్టికలూ ఉన్నాయి. చుక్కలు పైకి లేచే పరికరం మాత్రం చాలా కుటుంబాలకు అందదు. వినికిడి కూడా లేనివారికి వెబ్‌కు అదొక్కటే దారి.

చట్టం ఎక్కడైనా ఎవరో ఒకరి ఫిర్యాదుతోనే కదిలింది. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటు తను చదవలేనిదిగా ఉందని అంధుడైన బ్రూస్ మగ్వైర్ ఫిర్యాదు చేస్తే, 2000లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ ఆయన పక్షాన నిలిచింది. నిర్వాహకులు సరిచేయనందుకు 20,000 డాలర్ల పరిహారం పడింది. అమెరికాలో అంధుల జాతీయ సమాఖ్య వేసిన దావాలో టార్గెట్ దుకాణాల సంస్థ 2008లో 60 లక్షల డాలర్లకు రాజీపడింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వెబ్‌కూ వర్తిస్తుంది. అయితే దాని కింద చేసిన నియమం ప్రమాణాలను పాటించి తీరాల్సినవిగా కాక సూచనలుగా మార్చేసిందని సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో తప్పుపట్టింది, మూడు నెలల్లో తప్పనిసరి నియమాలు చేయమంది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రానిది. ఆరు నెలలు తిరగకముందే, 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడికి గురైనవారూ చూపులేని ఒక న్యాయవాదీ వేసిన పిటిషన్ల మీద ఇంకో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకో సిమ్ కార్డుకో కేవైసీ, అంటే గుర్తింపు నిర్ధారణ, డిజిటల్‌గా చేయాలంటే కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపాల్సి వచ్చేది, ముఖం గీతలోపల నిలపాల్సి వచ్చేది. చూపులేనివారు, కనురెప్పలు కాలిపోయినవారు ఏం చేయాలి? డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చి, ఇరవై ఆదేశాలిచ్చింది. దయతో ఇచ్చే సదుపాయం అన్న భావన నుంచి విషయాన్ని హక్కు దగ్గరికి తెచ్చిన తీర్పుగా దీన్ని నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

చట్టం భయంతో పాటే అడ్డదారులు అమ్మేవారూ వచ్చారు. సైటులో ఒక్క వరస కోడు చేరిస్తే అంతా తానే సరిచేసేస్తుందనే 'ఓవర్లే' విడ్జెట్లు అలాంటివే. అక్షరాలు పెంచే బటన్, రంగులు మార్చే బటన్, మాట్లాడే బటన్ ఒక మూలన మెరుస్తుంటాయి. స్క్రీన్ రీడర్ వాడే మనిషికి ఆ మూడూ తన దగ్గర ముందే ఉన్నాయి. లేనిది గడి పేరు, బొమ్మ వివరణ, సరైన శీర్షిక. అవి ఊహించి పెట్టబోయి విడ్జెట్లు కొన్నిచోట్ల ఉన్నదాన్నీ చెడగొట్టాయి. 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఏ సైటునైనా ప్రమాణాలకు సరిపోయేలా చేస్తామన్న ప్రచారానికి ఆధారం లేదంటూ యాక్సెసిబీ కంపెనీ చేత పది లక్షల డాలర్లు కట్టించింది. మన సంస్థలు ఇలాంటివి కొనేముందు అంధుడైన ఒక ఉద్యోగిని అడిగితే డబ్బు మిగులుతుంది.

కృత్రిమ మేధ విషయంలో నా అభిప్రాయం ఇంత కఠినంగా లేదు. డెన్మార్క్‌లో 2015లో మొదలైన బీ మై ఐస్ యాప్ అంధులను వీడియో కాల్ ద్వారా చూపున్న స్వచ్ఛంద సేవకులతో కలిపేది. 2023లో అందులోకి జీపీటీ-4 వచ్చాక, ఫోటో పంపితే వివరణ మాటల్లో వస్తోంది, అనుమానం ఉంటే తిరిగి అడగొచ్చు. పెళ్లి శుభలేఖ బొమ్మ, గ్రూపులో వచ్చిన ఫోటో, అను ఫాంటు కరపత్రం ఇప్పుడు ఎవర్నీ బతిమాలకుండా తెలుసుకోవచ్చు. అది చిన్న స్వేచ్ఛ కాదు. కానీ ఈ యంత్రం తెలియనిచోట కల్పిస్తుంది, కల్పించినప్పుడూ అదే ధీమాతో చెబుతుంది. వివరణ తప్పో ఒప్పో చూసి సరిపోల్చుకోగలిగినవాడికి దాని అవసరమే లేదు, అవసరమున్నవాడు సరిపోల్చుకోలేడు. మందు డబ్బా మీది గడువు తేదీలో, డబ్బు పంపే పేజీలోని అంకెలో ఇది ప్రమాదం. పేజీలు రాసేవారు 'ఇక ఏఐ చూసుకుంటుందిలే' అని చేతులు దులుపుకోవడం అంతకన్నా ప్రమాదం. బొమ్మలో ఏముందో అది పెట్టినవారికి తెలుసు. తెలిసినవారు ఒక వాక్యం రాయకుండా, తెలియని యంత్రం చేత ఊహింపజేయడం ఏ రకంగా న్యాయం?

మిగిలింది పరీక్ష. యంత్ర పరీక్ష బొమ్మకు వివరణ ఉందో లేదో చెబుతుంది. 'ఫోటో1' అని రాసినా పాస్ చేస్తుంది. ఫారం నింపడం నిజంగా కుదురుతుందా అన్నది స్క్రీన్ రీడర్ మీద బతికే మనిషే చెప్పగలరు. 2025 తీర్పు కూడా సంస్థలు నిర్ణీత కాలానికోసారి అర్హులైన నిపుణులతో ఆడిట్ చేయించాలనీ, ఆ పరీక్షల్లో అంధులను భాగం చేసుకోవచ్చనీ చెప్పింది. ఈ నైపుణ్యం మనకు కొత్త కాదు. యంత్ర పరీక్షలకు ప్రపంచమంతా వాడే యాక్స్ సాధనాన్ని తయారుచేసిన డెక్ కంపెనీకి హైదరాబాద్‌లో కార్యాలయం ఉంది. 2025 జూన్ 28 నుంచి యూరప్ అందుబాటు చట్టం వర్తిస్తున్నందున అక్కడి ఖాతాదారులకు పనిచేసే మన ఐటీ కంపెనీలకు ఈ పని ఇంకా పెరిగింది. హైదరాబాద్‌లో కూర్చుని బెర్లిన్ బ్యాంకు పేజీని ఇంత శ్రద్ధగా వినిపించేలా చేయగల చేతులకు, తెలుగులో ఉన్న రైతు దరఖాస్తునూ, పదో తరగతి ఫలితాల పేజీనీ ఇంకా ఎవరూ అప్పగించినట్టు లేదు. అప్పగిస్తే ఆ పేజీలను వినాల్సింది తెలుగు చెవే. ఒత్తు జారినా, మాట తోక తెగినా బయటి ఆడిటర్ పట్టలేరు. ప్రతి మార్పు విడుదలకు ముందు తెలుగు పేజీని టాక్‌బ్యాక్‌తో, ఎన్‌వీడీఏతో విని లోపాలు రాసిచ్చే ఉద్యోగాలు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఐటీ శాఖల్లోనూ ఉండాలి, డిగ్రీలు పూర్తిచేసి ఎదురుచూస్తున్న అంధ యువతీయువకులకు వాటిని జీతంతో ఇవ్వాలి.